సంచిలో మడిచిపెట్టిన అంగీ

కోరుట్లలో మా మఠం ఊరి చివర ఉండేది. ఏడుగురం సన్న్యాసులం. పాదాల దాకా గోధుమరంగు అంగీ, నడుముకు తెల్లటి తాడు, కాళ్లకు తోలు చెప్పులు. ఊళ్లో పిల్లా పెద్దా మమ్మల్ని తాడు ఫాదర్లు అనేవాళ్లు. నేను గుంటూరు వైపువాణ్ణి. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు. కొత్తగా చేరిన బ్రదర్లకు మఠం నడవడి నేర్పడం నా పని. ఎట్లా కూర్చోవాలి, ఎంత మెల్లగా నవ్వాలి, బజారులో నడిచేటప్పుడు చూపు ఎక్కడ నిలపాలి, ఇవన్నీ నేనే చెప్పేవాణ్ణి. అంగీ విప్పి గడప దాటినవాడు సన్న్యాసం విప్పి దాటినట్టేనని కూడా చెప్పేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నా గొంతు నాకే నచ్చేది.

అవి నక్సలైట్ల రోజులు. రాయికల్ వైపు పోయినా మల్లాపూర్ వైపు పోయినా గోడల మీద ఎర్ర అక్షరాలు కనిపించేవి. ఒక రోజు దళం బంద్ అనేది, ఇంకో రోజు పోలీసులు ఊరిని చుట్టుముట్టేవాళ్లు. బస్సు ఆపి గడ్డం ఉన్న మగవాళ్లను దించేవాళ్లు. దిగినవాళ్లలో కొందరు మర్నాడు ఇల్లు చేరేవాళ్లు. కొందరి సంగతి పేపర్లో ఎదురుకాల్పులని చదివి తెలుసుకునేవాళ్లం. జనం మాట్లాడుకోవడం తగ్గించేశారు. చాయ్ హోటల్లో కూడా ముందు చుట్టూ చూసి, తర్వాత గ్లాసు అందుకునేవాళ్లు.

అంత భయంలోనూ నెలకోసారి ఆ చుట్టుపక్కల పనిచేసే ఫాదర్లం, సిస్టర్లం అందరం జగిత్యాల చర్చి గుడి దగ్గర కలుసుకునేవాళ్లం. పొద్దున ధ్యానం, పూజ. భోజనాలయ్యాక గంటసేపు రిక్రియేషన్. ఆ గంట మా నియమంలో రాసి ఉన్నదే. మిగతా పొద్దంతా మౌనంగా ఉండే మనుషులకు కలిసి ఆడుకోవడం, నవ్వుకోవడం కూడా ప్రార్థనంత అవసరమని మా పెద్దలు ఎప్పుడో నిర్ణయించారు. గుడి వెనక మైదానంలో ఒక పక్క మేం వాలీబాల్ ఆడేవాళ్లం. ఇంకో పక్క సిస్టర్లు వల కట్టి, రబ్బరు రింగు విసురుకుంటూ ఆడేవాళ్లు.

వాళ్లలో సిరిసిల్ల మఠం నుంచి వచ్చే ఒక సిస్టర్ ఉండేది. ఇరవై ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ముస్తాబాద్ దగ్గరి పల్లె పిల్ల. భూమి లేని ఇల్లు, తల్లి కూలికి పోయేది. సిరిసిల్లలో సాంచెలు నడిచే వాడకట్టులో సిస్టర్లకు చిన్న దవాఖానా ఉండేది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఈమె ఆ దవాఖానాలో నర్సు. వాళ్ల సభలో, అంటే ఆ సన్న్యాసినుల సంఘంలో, అందరూ ఒకే రకం లేత బూడిదరంగు చీర, మోచేతుల దాకా జాకెట్టు, మెడలో చిన్న సిలువ వేసుకునేవాళ్లు. ఆ రోజు ఆమె కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు పైకెత్తి దోపుకుని ఆడుతోంది. పిక్కలు కనిపిస్తున్నాయి. రింగు పట్టుకున్నప్పుడల్లా గట్టిగా నవ్వుతోంది.

నేను చూశాను. ఒకసారి చూసి ఊరుకోలేదు. చూపు మళ్లించాను, మళ్లీ చూశాను. బ్రదర్లకు నేను చెప్పే పాఠం ప్రకారం తప్పు నా కంటిది. కానీ ఆ క్షణంలో నాకు తప్పు ఆమె చీరలో కనిపించింది. ఆట మధ్యలో వల దగ్గరికి వెళ్లి అందరూ వినేటట్టు అన్నాను.

"సిస్టర్, చీర సరిచేసుకోండి. గోడ అవతల జనం ఉన్నారు."

ఆమె ఆగింది. చేతిలో రింగు, నుదుటి మీద చెమట.

"ఆట అయినంక సరిజేసుకుంట ఫాదర్. మా అమ్మ నాట్లేసేటప్పుడు గిట్లనే చెక్కుకుంటది. లేకుంటె కాళ్లకు తట్టి బురదల పడ్తది గదా."

"ఇది పొలం కాదు."

"గట్లనే మరి, మీరు గూడ తాట్ల చెక్కిండ్రు గదా ఫాదర్!" అంది నా నడుము వైపు చూపించి.

నిజమే. వాలీబాల్ ఆడేటప్పుడు అంగీ అంచు ఎత్తి నడుము తాట్లో దోపుకోవడం మా అందరి అలవాటు. లోపలి పాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. నా పిక్కలు కూడా ఆ గోడ అవతలివాళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. అందరూ నవ్వారు. జగిత్యాల గుడి ముసలి ఫాదర్ అయితే కుర్చీలోంచి, "ఒకటి ఒకటి సమానం! ఇక ఆడుండ్రి!" అని కేకేశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు లోపలికి వెళ్లి పుండై కూర్చుంది.

పది రోజుల తర్వాత సిరిసిల్ల మఠం మదర్ నాకు కబురు పంపింది. ఆ సిస్టర్ ఆరేళ్లుగా ఏడాదికోసారి మాటపట్టు కొత్త చేసుకుంటూ వస్తోంది. ఇప్పుడు నిత్య మాటపట్టుకు, అంటే బతికినంతకాలం ఆ సభలో ఉంటానని దేవుడి ముందు మాట ఇవ్వడానికి, దరఖాస్తు పెట్టుకుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది హైదరాబాద్‌లోని వాళ్ల పెద్దలు నిర్ణయిస్తారు. దానికి ముందు ఆ ప్రాంతంలో పనిచేసే ఒక గురువు, అంటే ఫాదర్, అభిప్రాయం తీసుకోవడం వాళ్ల పద్ధతి. ఆ సిస్టర్లకు రెండుసార్లు ధ్యానాలు చెప్పినవాణ్ణి కాబట్టి మదర్ నన్ను అడిగింది.

నేను రాసింది ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "ఈమె సేవలో చురుకైనదే. కానీ రిక్రియేషన్‌లో హద్దు తెలియదు. వస్త్రధారణలో సన్న్యాసినికి ఉండవలసిన బిడియం లేదు. పెద్దలు దిద్దినప్పుడు ఎదురు సమాధానం ఇస్తుంది. నిత్య మాటపట్టుకు ఇంకా సిద్ధంగా లేదని నా అభిప్రాయం." రాసి, సంతకం పెట్టి, చదువుకుని, న్యాయంగానే ఉందనుకున్నాను. ఒక్క అబద్ధం కూడా లేకుండా అంత అన్యాయం రాయవచ్చని నాకు అప్పుడు తెలియదు.

పోస్టులో వేస్తే సరిపోయేది. ధ్యానాల తేదీ కూడా మాట్లాడుకోవచ్చని స్వయంగా బయలుదేరాను. ఆ వారం దారంతా గాలింపు జరుగుతోంది. ముందురోజే పెద్ద చెట్లు నరికి రోడ్డుకు అడ్డం వేశారని, ఎవరినో కొట్టారని వార్త. మా మఠం పెద్ద, "అంగీతోనే వెళ్లండి ఫాదర్, అందరూ గుర్తుపడతారు" అన్నాడు. నాకదే భయం. గుర్తుపట్టేవాళ్లు ఎవరో, పట్టి ఏం చేస్తారో ఎవరికి తెలుసు? పల్లెల్లో దొరల ఇళ్లకు పోయి వచ్చేవాడినని ఎవరైనా నా గురించి చెప్పి ఉంటే? బస్టాండు పక్కనున్న మా బడి గదిలోకి వెళ్లి అంగీ విప్పాను. పాంటు, చొక్కాతో బయటికి వచ్చాను. అంగీ మడిచి, తాడు చుట్టి, ఉత్తరంతో పాటు భుజం సంచిలో పెట్టాను. మామూలు మనిషిలా ఉంటే ఎవరూ పట్టించుకోరనుకున్నాను. మా సభలో అందరికీ ఉన్నట్టే నాకూ గుబురు గడ్డం ఉందని ఆలోచించలేదు. అంగీ మీద అది ఫాదర్ గడ్డం. చొక్కా మీద అది వేరే గడ్డం.

సిరిసిల్ల ఇంకా నాలుగైదు మైళ్లు ఉందనగా బస్సు ఆపారు. నన్నూ, వెనక సీట్లో కూర్చున్న ఇంకొకతన్నీ దించారు. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్క మూతపడిన బడి వరండాలో పోలీసులు తాత్కాలికంగా దిగి ఉన్నారు. మమ్మల్ని అక్కడ కింద కూర్చోబెట్టారు. ఎస్సై బల్ల మీద నా సంచి కుమ్మరించాడు. అంగీ పైకెత్తి చూశాడు. తాడు చేతికి చుట్టుకుని చూశాడు.

"ఇదేంది? ఎవన్ని కట్టెయ్యనీకి?"

"నేను ఫాదర్‌ని సార్. కోరుట్ల మఠం. అది మా అంగీ, అది మా నడుము తాడు."

"ఫాదర్‌వైతె ఒంటి మీద ఉండాలె గదా? సంచిల ఎందుకున్నది?"

ఇన్నేళ్లుగా బ్రదర్లకు చెప్పిన మాటనే ఆ మనిషి నన్ను అడుగుతున్నాడు.

"మాట్లాడవేంది? ఎవన్నో ఫాదర్‌ను దోచుకొని, గీ వేషం ఏసుకొని ఊళ్లె తిరుగుదామనుకున్నవా?"

"కాదు సార్. సిరిసిల్ల సిస్టర్లకు నేను తెలుసు. అడగండి."

అతను కవరు చింపాడు. ఉత్తరం గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కానిస్టేబుళ్లు వింటున్నారు, నా పక్కన కూర్చున్న మనిషి వింటున్నాడు. "వస్త్రధారణలో బిడియం లేదు" అన్న చోట ఒకడు కిసుక్కుమన్నాడు. ఎస్సై కూడా పెదవి బిగబట్టాడు. ఆడమనిషి గురించి రాసిన మాట మగవాళ్ల గుంపులో ఎట్లా వినిపిస్తుందో ఆ వరండాలో తెలిసింది.

ఒక కానిస్టేబుల్‌ను మోటార్ సైకిల్ మీద సిరిసిల్ల పంపారు. ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కనున్నతను చిన్న గొంతుతో, "నేను సాంచెల మీద పనిచేసేటోన్ని ఫాదర్. మా అత్తగారింటికి పోయొస్తున్న. మీరు ఫాదరే అయితె నా గురించి గూడ ఒక మాట చెప్పుండ్రి" అన్నాడు. నేను వినిపించుకోనట్టు ఉన్నాను. ఇతనితో మాట్లాడుతూ కనిపిస్తే నాకేమవుతుందో అని భయం. మా ఇద్దరినీ జీపెక్కిస్తే ఎటు తీసుకెళ్తారో అన్న ఒక్క ఆలోచనే తల నిండా ఉంది. ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మోటార్ సైకిల్ చప్పుడు వినిపించింది. దాని వెనక దూరంగా సైకిల్ మీద ఆ సిస్టరే వస్తోంది. మదర్ జగిత్యాల వెళ్లిందట. నన్ను ఎరిగినవాళ్లలో ఆ పూట మఠంలో ఉన్నది ఈమె ఒక్కతే. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. సైకిల్ చైనుకు తగలకుండా కుచ్చిళ్లు పైకి చెక్కుకుని ఉంది. దిగి, స్టాండు వేసి, నా వైపు ఒకసారి చూసింది.

ఎస్సై ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. "ముందుగాల ఇది చదువమ్మా. ఇది నీ గురించేనా?"

నేను తల దించుకున్నాను. ఆమె అక్కడే నిలబడి చదివి, మడిచింది. ముందు నడుము దగ్గర చెక్కిన చీర లాగి వదిలింది. అంచు పాదాల మీద పడింది. దాన్ని నేను చూశాను.

"నా గురించే సార్."

"మరి గీయన ఎవరు? నీకు ఎరుకేనా?"

ఆమె లేదని అనవలసిన పని లేదు. సరిగ్గా తెలియదని అన్నా చాలు. నా ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంది. ఆమె జీవితాన్ని ఆపమని నేను రాసిన కాగితం ఆమె చేతిలో ఉంది.

"మా ఫాదరే సార్. కోరుట్ల మఠం. మాకు ధ్యానాలు చెప్తడు."

"మరి అంగీ ఎందుకిప్పిండు?"

"భయమై ఉంటది సార్. ఈ రోజులల్ల ఎవలకు లేదు భయం?"

ఎస్సై సంచి నా వైపు తోశాడు. నేను లేచాను. ఆమె కదల్లేదు.

"సార్, ఈయన గూడ మా వాడకట్టే. సాంచెల మీద పనిచేస్తడు. వీళ్లింటామె మొన్ననే మా దవాఖానల కాన్పయింది. రాసిన బుక్కు ఉన్నది, కావాలంటె తెచ్చి చూపిస్త."

"ఊకె అందరికీ నువ్వే సాక్ష్యమా అమ్మా?"

"ఎరుకున్నోళ్లకు చెప్తున్న సార్. ఎరుక లేనోళ్లకు చెప్పలే."

గంట తర్వాత అతన్నీ వదిలారు. ఆ గంటా ఆమె ఎండలో సైకిల్ పట్టుకుని నిలబడింది. అతను వచ్చేదాకా నన్నూ కదలనివ్వలేదు.

రోడ్డు మీదికి వచ్చాక ఉత్తరం నాకు ఇచ్చింది. అతను కొంచెం దూరంగా ముందు నడుస్తున్నాడు. నేను ఉత్తరం పట్టుకుని నిలబడ్డాను. చింపడానికి నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. చింపితే తప్పు రాశానని ఒప్పుకున్నట్టవుతుంది. ప్రాణం కాపాడినందుకు మాట మార్చాడని అనుకుంటుంది. అట్లా ఏవేవో కారణాలు నాలో నేనే వెతుక్కున్నాను. ఆమె చూసి చెయ్యి చాచింది.

"మా మదర్‌కు రాసింది గదా ఫాదర్. ఇయ్యుండ్రి, నేనే ఇస్త."

ఇచ్చాను.

"పదిహేను రోజులల్ల హైదరాబాద్ పంపుతరంట. గంతల మీరేమన్న చెప్పేదుంటె, వచ్చి మదర్‌తోని చెప్పుండ్రి." అంతే అని సైకిలెక్కింది. ఈసారి చీర ఎత్తి చెక్కుకోలేదు. చైను దగ్గర అంచు నల్లబడడం కనిపిస్తోంది.

పదిహేను రోజులు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు మూడు గంటల దారి. ఉత్తరం వెనక్కి తీసుకోవాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే అంగీ సంగతి చెప్పాలి. పోలీసులు బస్సులోంచి దించారని మాత్రం మా మఠంలో చెప్పాను. ఏ బట్టల్లో ఉన్నానో చెప్పలేదు. కొత్త బ్రదర్లు నన్ను మతం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షిని చూసినట్టు చూశారు.

మా మఠంలో ప్రతి శుక్రవారం ఒక ఆచారం ఉండేది. అందరం మోకరించి, ఆ వారంలో నియమం తప్పిన సంగతులు ఒక్కొక్కరుగా పైకి చెప్పి శిక్ష అడగాలి. మొదటి శుక్రవారం నేను, "కంచం జారవిడిచి పగలగొట్టాను" అన్నాను. రెండో శుక్రవారం, "తెల్లవారి ప్రార్థనకు ఆలస్యంగా వచ్చాను" అన్నాను. రెండూ నిజమే. మా పెద్ద చిన్న చిన్న శిక్షలు వేశాడు. పక్కన మోకరించిన బ్రదర్ ఒకడు, నిద్రలో నవ్వానని చెప్పుకుని ఏడ్చాడు. వాడికి మౌనం పాటించమని శిక్ష వేయించింది నేనే.

మధ్యలో రెండు రోజులు బంద్. బస్సుల్లేవు కదా అనుకుని ఆ రెండు రోజులు హాయిగా నిద్రపోయాను.

పందొమ్మిదో రోజున జగిత్యాలలో నెలవారీ కలయిక. భోజనాలయ్యాక మైదానంలోకి వచ్చాం. సిస్టర్లు వల కట్టారు. ఆమె ఆడలేదు. బెంచీ మీద కూర్చుంది. చీర పాదాలు కప్పేసి, కింద నేలను తాకుతోంది. కాళ్లు కూడా బెంచీ కిందికి లాక్కుంది. ఎవరో, "రా సిస్టర్, నువ్వు లేకుంటె ఆట సప్పగున్నది" అని పిలిచారు. "కాలు నొస్తున్నది" అంది. నవ్వలేదు. ముసలి ఫాదర్ కూడా ఏదో హాస్యమాడబోయి ఊరుకున్నాడు. ఆ గంట దాటేదాకా ఓపిక పట్టలేకపోయాను. మదర్ గుడి వరండాలో ఉంది. ఆమె కేరళ నుంచి వచ్చిన పెద్దావిడ, ఆచితూచి తెలుగు మాట్లాడేది. దగ్గరికి వెళ్లి, కూర్చోకుండానే అంతా చెప్పాను. నేను ఆమెను చూడడం, కోపం తెచ్చుకోవడం, ఉత్తరం రాయడం, అంగీ విప్పడం, పోలీసుల ముందు ఆమె చెప్పిన మాట, నేను చింపని ఉత్తరం.

మదర్ పక్కనున్న కుర్చీ నా వైపు జరిపింది.

"అంగీ సంగతి ఆమె నాకు చెప్పలేదు ఫాదర్. పోలీసులు అడిగితే వెళ్లి గుర్తుపట్టాను అంది, అంతే. ఉత్తరం ఇచ్చింది. కవరు చింపి ఉంది ఏమిటి అంటే, పోలీసులు చింపారు అంది. మీరు వస్తారేమో, రెండు రోజులు ఎక్కువ ఆగండి అని అడిగింది. ఆగాను. మొన్న పంపించాను."

"ఇంకో ఉత్తరం రాస్తాను."

"రాయండి. కానీ పూర్తిగా రాయండి. సగం రాస్తే ఎవరూ నమ్మరు."

ఆ సాయంత్రమే రాశాను. అంగీ సంగతితో సహా. నకలు మా సభ పెద్దలకూ పంపాను. ఆ శుక్రవారం మోకరించి అంతా పైకి చెప్పాను. కొత్త బ్రదర్లకు పాఠాలు చెప్పే పని నా నుంచి తీసేశారు. అది శిక్షలా అనిపించలేదు. హైదరాబాద్ నుంచి జవాబు నెల తర్వాత వచ్చింది. ఒకే గురువు నెల తిరగకుండా రెండు విరుద్ధమైన ఉత్తరాలు రాశాడు కాబట్టి ఏ ఒక్కదాన్నీ ఆధారం చేసుకోలేమని, నిత్య మాటపట్టు ఒక ఏడాది వాయిదా వేస్తున్నామని, ఆ ఏడాది ఆమె ప్రవర్తన గమనించాలని ఉంది.

సిరిసిల్ల వెళ్లాను. దవాఖానా గదిలో ఆమె సూదులు వేడినీళ్లలో మరిగిస్తోంది. బయట సాంచెల చప్పుడులో నా మాట నాకే సరిగా వినిపించలేదు. గట్టిగా క్షమాపణ అడగవలసి వచ్చింది. గడప దగ్గర బిడ్డల్నెత్తుకున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా విన్నారు.

ఆమె పొయ్యి తగ్గించింది.

"ఆ దినం మీరు చింపుతరనుకున్న ఫాదర్. చేతుల పట్టుకొని నిలబడ్డరు గదా, గిప్పుడు చింపుతడు, గిప్పుడు చింపుతడు అని చూసిన. చింపకపోయేసరికి నేనే అడిగిన, ఇయ్యుమని."

"తప్పే సిస్టర్. నన్ను క్షమించండి."

"క్షమిస్త. అది నా పని, చేస్త." పట్కారుతో ఒక సూది తీసి గుడ్డ మీద పెట్టింది. "గని ఈ యాడాది ఉన్నది చూడుండ్రి, నేను నవ్వితె ఎవలో రాసుకుంటరు, నవ్వకుంటె ఎవలో రాసుకుంటరు. అది నేనే గడపాలె. అది మీరు గడపలేరు గదా."

గడపలేనన్నాను. ఆమె తలూపి, గడప దగ్గరున్నవాళ్లలో ముందామెను రమ్మని పిలిచింది. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.